తిరుగు

కిటికీకి పాత గొడుగుల నల్లగుడ్డ కట్టాడు దండాసి పాత్రో.
కుడుతున్నంతసేపూ గొణుగుడే,
పర్లాకిమిడి ఎండకి ఆరు గొడుగులేం చాలతాయని.
నిజమే. ఏడోది నాది.

ఇత్తడి పట్టాల మీద ఎర్ర లేజరు, ఒక పోలరాయిడు,
రాగితీగ చుట్ట, దాని కడుపులో
జానెడైనా లేని సీసపుగాజు కడ్డీ,
చివర ఇంకో పోలరాయిడు, అంచున డిగ్రీల గీతలు.

మేం వెతికేది చీకటి.
చక్రం మెల్లగా తిప్పుతూ పోతే
గోడ మీద చుక్క సన్నగిల్లి సన్నగిల్లి
ఒక గీత దగ్గర ఆరిపోతుంది.
ఆ గీత రాసుకోవాలి.

అప్పుడు స్విచ్చి.
తీగలోకి రెండున్నర ఆంపియర్లు.
ఆరిన చుక్క మళ్ళీ కన్ను తెరుస్తుంది.
గాజు కదల్లేదు, లేజరు కదల్లేదు,
కడ్డీ పొడుగునా కనపడనిదేదో
వెలుగు ఊగే దిక్కుని ఓ పక్కకి వాల్చింది.
చీకటి ఇల్లు మారింది.

"కేతే?" అంటాను.
సుబాసిని రైకా భూతద్దం ఆనించి
"తిని" అంటుంది ఒడియాలో,
"మూడుంపావు... కాదు, మూడే" నా కోసం తెలుగులో,
రికార్డులో ఇంగ్లీషులో.
కొండ మీద వాళ్ళయ్యకి సవరలో ఎలా చెబుతుందో
నేనెప్పుడూ అడగలేదు.

పన్నెండింటికి బియ్యం మిల్లు మొదలు.
వోల్టేజి పడుతుంది, గీత జారుతుంది,
కాలిన వార్నిషు వాసన.
జొరమొచ్చిన పిల్లాడికి విసిరినట్టు
తీగచుట్టకి అట్టముక్కతో విసురుతాడు దండాసి.

"నీళ్ళూ తిప్పుతాయా మేడం?"
మర్నాడు సీసాలో మహేంద్రతనయని పట్టుకొచ్చింది.
వడగట్టి గాజుగొట్టంలో పోశాం.
అర డిగ్రీ.
మిల్లు ఆగేదాకా నమ్మలేదు,
ఆగాక చూసినా అర డిగ్రీయే.
ఏరు తన వంతు ఒంగింది.

తర్వాత చక్కెర పాకం.
దానికి అయస్కాంతంతో పని లేదు, తనంతట తనే తిప్పుతుంది.
కానీ చివర అద్దం పెట్టి వెలుగుని వెనక్కి పంపితే
పోయేటప్పుడు వేసిన మెలికంతా
వచ్చేటప్పుడు విప్పేస్తుంది.
బయల్దేరిన తీరుగానే గడప చేరుతుంది వెలుగు.

పాకం తీసి గాజు కడ్డీ పెట్టాం. అదే అద్దం.
సున్నా అని ముందే రాసేసింది పెన్సిలుతో.

ఆరు వచ్చింది.

అద్దం తుడిచింది. ఆరు.
కరెంటు దిశ మార్చింది. ఆరే, అవతలి వైపు.
నా వైపు చూసింది, నేనేదో చేసినట్టు.

వెలుగు వస్తోందో పోతోందో
అయస్కాంతానికి పట్టదమ్మా, అన్నాను.
దాని చెయ్యి ఎప్పుడూ ఒకే వైపు తోస్తుంది.
వెళ్తే మూడు. వస్తే ఇంకో మూడు.

చాలాసేపు ఊరుకుని అడిగింది:
"చుట్టూ తిరిగితే మాకు ఘూరిబా,
ఇంటికి తిరిగొస్తే ఫేరిబా.
మీకు రెండిటికీ 'తిరగడమే' ఏటి మేడం?"

జవాబు చెప్పలేదు.
పంతొమ్మిదేళ్ళుగా పాతపట్నం నుంచి ఆటోలో వస్తున్నాను.
చెక్‌పోస్టు దాటగానే బోర్డుల మీద అక్షరాలు గుండ్రంగా టోపీలు పెట్టుకుంటాయి,
నా నాలుక కొంచెం వాలుతుంది.
ఇక్కడ నేను ఆంధ్రా మేడాన్ని.
సాయంత్రం అక్కడ వంకాయలమ్మి అడుగుతుంది,
"ఒరియావోలేటమ్మా మీరు?" అని.
విప్పుకుంటూ వెళ్తున్నాననే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

సుబాసిని సున్నాని చెరపలేదు.
చుట్టూ గీత గీసి, పక్కన ఆరు వేసింది.
సంతకం పెట్టాను.

బయట వాన, పెద్దది, గేటు కనపడనంత.
దండాసి తాళం వేసి నా చేతుల వైపు చూశాడు,
తర్వాత కిటికీ వైపు.
ఇద్దరం నవ్వాం.
ఏడో గొడుగు లోపల
చీకటిని కాస్తోంది.